డాక్టరు మొహం ఎరగని ఉప్పు

"నేను నిలబడను," అంది ఫకుందా. ఉప్పు గీకే చెక్కని గట్టు మీద పడేసి, తడికాళ్ళతో అక్కడే చతికిలబడింది.

ఎల్మెర్ కెమెరా దించి రెనాటా వంక చూశాడు. కొండవాలంతా మెట్లు మెట్లుగా దిగిన ఉప్పుమళ్ళు ఎండకి కళ్ళు పొడుస్తున్నాయి. ఇంకో గంటలో మబ్బు కమ్మేస్తుంది. రేపు పొద్దున్నే రాజధాని లీమాకి విమానం. కొత్త సంవత్సరానికి పెద్ద పెద్ద కంపెనీలు తమ ఖాతాదారులకి పంచే కానుక మీదికి ఈ ఫోటో. దేవదారు పెట్టె, లోపల గుప్పెడు గులాబీ ఉప్పు, ఒక బుల్లి చెక్క చెంచా, మూత మీద ముసలమ్మ బొమ్మ. నాలుగు వేల పెట్టెలకి ఆర్డరు వచ్చేసింది. బొమ్మే ఇంకా రాలేదు.

"ఏమైందవ్వా? పొద్దున్న సరేనన్నావుగా," అంటూ రెనాటా పక్కన కూర్చుంది. ఉప్పు కంపెనీకి ప్రకటనలు రాయడం ఆవిడ ఉద్యోగం.

"ఆ కాయితంలో ఏం రాశారో మీరు ఇప్పుడేగా చదివారు. తొంభై రెండేళ్ళంట! నాకన్నెక్కడివమ్మగారూ?"

పక్క మళ్ళలో వంగి పనిచేసుకుంటున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "ఒసేవ్ ఫకుందా, మా ముత్తవ్వ కంటే పెద్దదానివైపోయావే! రేపట్నించి నీకు దణ్ణం పెట్టి దిగాలి మడిలోకి!" అని ఒకామె అరిచింది.

"పోనీ ఎనభై అయిదు వేద్దామా?"

"ఇంకా నయం."

"ఎనభై?"

ఫకుందా చెంపలో నములుతున్న కోకా ఆకు అటునుంచి ఇటు మార్చుకుంది. రెనాటా ఆమెని మళ్ళీ ఒకసారి చూసింది. టోపీ కింద తెల్లజడలు. లోపలికి పోయిన దవడలు, మిగిలిన నాలుగు పళ్ళు. నెర్రెలు విచ్చిన చేతులు, మడమలు. డెబ్భై దాటే ఉంటాయి, అనుకుంది.

"కొనేవాడు నీ వయసు లెక్కపెట్టడవ్వా. ఈ ఉప్పు తింటే ముసలితనం దరిచేరదని చెప్పాలంటే ఎవరో ఒక మనిషిని చూపించాలి కదా."

"ఇంకోసారి చదవండి. మొత్తం."

రెనాటా గొంతు సవరించుకుని చదివింది. "ఎనభై నాలుగు ఖనిజాలున్న ఆండీస్ కొండల ఉప్పు. గుండెకి బలం, చర్మానికి నిగారింపు. ఫకుందా అవ్వ పుట్టినప్పట్నించీ తింటున్నది ఈ ఉప్పే. తొంభై రెండేళ్ళొచ్చినా ఆమె ఇంతవరకూ డాక్టరు మొహం చూడలేదు."

"ఆ ఆఖరి ముక్క మాత్రం నిజం," అంది ఫకుందా. "మా ఊరికి డాక్టరొస్తే కదా చూడ్డానికి."

పక్క మళ్ళలో ఆడవాళ్ళు మళ్ళీ పనిలోకి వంగారు.

"మరింకేంటి నీ బాధ?"

"నాకు చూడాలనుందమ్మగారూ, డాక్టరు మొహం." ఆమె కుడికన్ను పెద్దది చేసి చూపించింది. నల్లగుడ్డు సగానికి పైగా తెల్లటి పొర పాకేసింది. "ఎండలో ఈ ఉప్పు తెలుపు చూసీ చూసీ ఇది పోయింది. రెండోదీ మసకేస్తోంది. మొన్న గట్టు కంటికి ఆనక కింద మడిలో పడ్డాను. కుస్కో పట్నంలో కంటాసుపత్రి ఉందంట. మీ బండిలో తీసుకెళ్ళి చూపించండి. ఆ తర్వాత ఎన్నేళ్ళైనా రాసుకోండి. వందైనా సరే."

రెనాటా గతుక్కుమంది.

"అదెలా కుదురుతుందవ్వా! డాక్టరు మొహం చూడలేదని మూత మీద వేసి, నిన్ను తీసుకెళ్ళి ఆసుపత్రి బల్ల మీద కూచోబెట్టమంటావా? ఎవడైనా చూసి సెల్‌ఫోన్లో ఫోటో తీశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"అయితే ఉప్పుని నిలబెట్టి తీసుకోండి ఫోటో." ఫకుందా చెక్క అందుకుని లేచింది. గట్టు ఎక్కడుందో కాలితో తడుముకుని మరీ మడిలోకి దిగింది.

ఆ తడుముకోవడం చూస్తూ రెనాటా చేతిలో కాగితం మడిచి పెట్టుకుంది. వెనకనించి ఎల్మెర్ మెల్లిగా, "మబ్బొచ్చేస్తోంది మేడం," అన్నాడు.

"సరే," అంది చివరికి. "ఫోటోలవ్వగానే నేనే తీసుకెళ్తాను. అక్కడ మాత్రం ఈ పెట్టె ఊసెత్తకూడదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఫకుందా నిలబడింది. నవ్వమన్నప్పుడు నవ్వింది. దోసిట్లో తడి ఉప్పు పట్టుకోమంటే పట్టుకుంది. పగుళ్ళలోకి ఉప్పు దిగి మండి చేతులు ముడుచుకోబోతే, "అలాగే ఉంచవ్వా, ముడతలు బ్రహ్మాండంగా పడుతున్నాయి," అన్నాడు ఎల్మెర్. అరగంట సేపు ఆమె అలాగే ఉంచింది.

కుస్కో చేరేసరికి సాయంత్రం అయిదైంది. కంటాసుపత్రి చీటీల కిటికీ మూసేయబోతుంటే రెనాటా పరిగెత్తి ఒక కాగితం తెచ్చింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఫకుందాని ఒక మూల బల్ల మీద కూర్చోబెట్టింది.

"నాకు రాయడం రాదమ్మగారూ. మీరే నింపండి."

పేరు రాసింది. ఊరు రాసింది. వయసు గడి దగ్గర కలం ఆగింది.

"అవ్వా, ఇక్కడ నిజమే రాయాలి. నిజంగా నీకెన్నేళ్ళు?"

"అంకెలు నాకేం తెలుస్తాయి? ఇందులో ఉంటుందంట." ఫకుందా రవికలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని గుర్తింపు కార్డు ఆమె చేతిలో పెట్టింది.

రెనాటా పుట్టిన సంవత్సరం చూసింది. పొరపాటేమోనని కార్డు మీద ఫోటో చూసింది, పేరు చూసింది. వేళ్ళ మీద ఒకసారి లెక్కేసింది, మళ్ళీ ఇంకోసారి లెక్కేసింది. నలభై ఒకటి.

తన కంటే మూడేళ్ళు చిన్నది.