చచ్చాక కూడానా!

"వదిలెయ్యరా దాన్ని! అది నీ సొమ్మేం తింది?" కోడలు టీవీ మీదికి లేచింది.

టీవీలో మాంత్రికుడు వదల్లేదు. ఇన్నాళ్లూ మేడ మీది గదిలో కాళ్లు చాపుకుని హాయిగా కూర్చున్న దయ్యాన్ని జుట్టు పట్టి కిందికి ఈడ్చుకొచ్చాడు.

"దయ్యం దొరికిందంటే సంతోషించాలి గానీ వదినా, మీ పుట్టింటివాళ్లని పట్టుకెళ్తున్నట్టు ఆ అరుపేంటి?" అన్నాడు మరిది, ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కా ఆమె ఒళ్లో పడేస్తూ.

ఆమె చొక్కా పక్కకి నెట్టి మళ్లీ టీవీ వైపు తిరిగింది. రోజు మొత్తం మీద తనదని చెప్పుకోడానికి ఆమెకున్నది ఆ అరగంటే. అది కూడా బఠానీలు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో చూడాలి. అత్తగారైతే సీరియల్ పాట మొదలవగానే, "ఈ దయ్యాల గోల నావల్ల కాదు తల్లీ, పక్కింట్లో కూర్చుంటా" అని మోకాళ్లు పట్టుకుంటూ పెరటి గుమ్మం దాటేస్తారు. మిగిలిన నలుగురూ సోఫా నిండా పరుచుకుంటారు. కోడలికి కింద చాప.

ఆ దయ్యమంటే ఆమెకు ప్రాణం. దాని అందం చూసి కాదు, పగ చూసీ కాదు. అది ఏ పనీ చెయ్యదు. ఎవరూ దాన్ని ఏమీ అడగరు. దాని గది గుమ్మం తొక్కే ధైర్యం ఎవరికీ లేదు. మనిషికి అంతకన్నా ఏం కావాలి?

మాంత్రికుడు దయ్యం చేతికి చీపురిచ్చాడు.

"నేటి నుంచి ఈ ఇంటి చాకిరీ అంతా నీదే! యజమానురాలు ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకాలి!"

దయ్యం తల వంచుకుని చీపురందుకుంది. చూస్తుండగానే గది ఊడ్చింది. అంట్లు తోమింది. నడుం పట్టుకుని లేచి, బట్టల మూట విప్పింది.

"ఇదేదో బాగుందే!" అన్నాడు భర్త. "జీతం లేదు, నాగా లేదు."

"తిండి ఖర్చు కూడా లేదురా," అన్నారు మామగారు.

అందరూ నవ్వారు. కూతురు మాత్రం తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఏడుస్తున్నావా?"

"చచ్చాక కూడానా!" అంది ఆమె.

"ఏంటి?"

"చచ్చాక కూడా ఊడవాలా అంటున్నా!"

"సీరియలే తల్లీ," అన్నాడు భర్త. "దయ్యం కోసం ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. పోయి మొహం కడుక్కో. అట్నుంచి వస్తూ నా కళ్లజోడు వెతికి పట్టుకురా."

"మీ నెత్తి మీదే ఉంది."

"అమ్మాయ్, మాత్ర వేసుకోవాలి. కాసిని వేణ్ణీళ్లు," అన్నారు మామగారు.

"అమ్మా, నా కంపాస్ బాక్స్?"

"వదినా, చొక్కా! కాలరు దగ్గర కాస్త గట్టిగా లాగు."

ఆమె బఠానీల పళ్లెం పక్కన పెట్టింది. వంటింట్లోకి వెళ్లి వేణ్ణీళ్లు పెట్టింది, గ్లాసు మామగారికిచ్చింది. మళ్లీ వంటింట్లోకి వెళ్లి, అక్కడ ఆగకుండా పెరట్లోకి నడిచింది. టీవీలో ప్రకటనలు అయిపోయి సీరియల్ మళ్లీ మొదలైంది. ఆమె లేదని ఎవరూ గమనించలేదు.

ఎక్కడికని వెళ్తుంది? వీధిలోకి వెళ్తే, ఏం కూర వండావని అడిగేవాళ్లు ఇంటికొకరు. ఆమె కాళ్లు వాటంతటవే పెరట్లోని మేడ మెట్ల దగ్గర ఆగాయి.

పైన సామాన్ల గది. ఆ ఇంట్లో ఆ గది జోలికి ఎవరూ పోరు. అడుగుల చప్పుడైతే చాలు, లోపల ఏదో ఢమఢమలాడుతుంది. పాత ఫ్యాను తెస్తానని వెళ్లిన భర్త మొన్న రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చి, "ఉక్కపోతే నయం," అన్నాడు. మరిది పగలు కూడా ఆ మెట్ల వైపు చూడడు.

ఆమె ఒక మెట్టెక్కింది. రెండోదెక్కింది.

ఢమ్!

గోడ పట్టుకుని ఆగింది. కానీ వెనక్కి తిరిగితే ఇస్త్రీ పెట్టె. మరో మెట్టెక్కింది.

ఢమ్! ఢమఢమ!

"ఎంత కొట్టుకున్నా నేను దిగను," అంది ఆమె, ఆయాసపడుతూ. "పీక్కు తింటావా? తిను. కింద నలుగురు తింటున్నారు, నువ్వు అయిదోదానివి. కాసేపు నడుం వాల్చనిచ్చి ఆ తర్వాత తిను."

చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆమె తలుపు తోసింది. లోపల చీకటి లేదు, బూజు లేదు. గోడ వారగా మెత్తటి పరుపు, రెండు దిళ్లు. నీళ్ల సీసా. సగం చదివిన వారపత్రిక. భర్త తేలేకపోయిన పాత ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. పరుపు మీద, కాళ్లు చాపుకుని, పక్కింట్లో ఉండాల్సిన అత్తగారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కింది నుంచి, "ఏమోయ్! ఎక్కడున్నావ్?" అని కేక వినిపించింది.

కోడలు గుమ్మంలోంచి మెట్ల వైపు చూసింది. అత్తగారు గోడవైపు జరిగి, పరుపు మీద రెండో దిండు సర్దారు.

"తలుపు గడియపెట్టి పడుకో." పక్కనున్న ఖాళీ నూనె డబ్బాని, గరిటెనీ కోడలి వైపు నెట్టి కళ్లు మూసుకున్నారు. "ఎవరైనా మెట్లెక్కితే ఈసారి నువ్వు కొట్టు. పెళ్లయిన దగ్గర్నుంచీ కొడుతున్నా, నా చెయ్యి లాగేస్తోంది."