పాడే పిల్ల రంగు

జపాన్ ఆడపిల్లల నవ్వుల్ని దుబాయ్‌లో టికెట్టు పెట్టి అమ్ముకునే వ్యాపారానికి నేను చప్పట్లు కొట్టనని కచేరీ హాల్లోనే మా అమ్మాయి తన్మయికి తేల్చి చెప్పాను.

"కొట్టకు నాన్నా. ఈ లైటు కర్ర పట్టుకో చాలు. ఒక్కో పిల్లకి ఒక్కో రంగు. ఎవరు పాడితే వాళ్ల రంగు వెలిగించి ఎత్తాలి."

"ఎత్తను. అది వ్యక్తిపూజ!"

"అబ్బా, ఉపన్యాసం ఖలాస్ చెయ్ నాన్నా!"

చివరి పాట అందుకున్న పిల్ల రంగు ఎరుపు; హాలంతా ఒక్కసారిగా ఎర్రబడింది. ఊరేగింపు తీస్తే విమానమెక్కించి పంపేసే దేశంలో, వేల చేతుల్లో ఎరుపు! విజయవాడలో మా ఎర్రజెండా ఊరేగింపులకి ఇంతమంది ఏనాడూ రాలేదు. నేనూ కర్ర ఎత్తి పిడికిలి బిగించాను. కళ్లు తడిశాయి.

తన్మయి నా భుజం నిమిరింది. "ఊరుకో నాన్నా. ఆ పిల్లంటే నీక్కూడా అంత పిచ్చా?"

"అవునమ్మా, కాలేజీ రోజుల నుంచీ."