ఆరేళ్ళు ఎగరని విమానం

"ఆరేళ్ళయింది బాబూ, దీన్ని గాలిలోకి లేపి," అంది ఆవిడ గర్వంగా. "బీరువాలో చీరలా దాచుకున్నాం. ధర మాత్రం తగ్గించమనకండి."

కొనడానికి వచ్చిన ఫ్లయింగ్ స్కూలు యజమాని ఉత్సాహం కాస్తా చప్పున చల్లారిపోయింది. రెక్క మీద వేసిన చెయ్యి తీసేశాడు.

"ఆరేళ్ళా?"

"కావాలంటే ఆయన్నే అడగండి."

ఆయన, అంటే ఆవిడ భర్త, ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. ఆదివారం వస్తే ఊరి చివర రన్‌వే పక్కనున్న ఈ రేకుల షెడ్డుకి వచ్చి తన రెండు సీట్ల విమానాన్ని తుడుచుకుని వెళ్తాడు. ఇప్పుడు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, లేని మురికిని గుడ్డతో తెగ రుద్దుతున్నాడు. తల ఎత్తలేదు.

అంతవరకూ బేరం బాగానే సాగింది. వేగం తక్కువని యజమాని వంక పెట్టాడు. తెలియక కాదు, బేరమన్నాక ఏదో ఒక వంక పెట్టాలిగా. "వేగం కావాలంటే రెక్క చిన్నదవ్వాలి. రెక్క చిన్నదైతే దిగడానికి పొడుగాటి రన్‌వే కావాలి. మీ దగ్గర నేర్చుకునే పిల్లలకి మెల్లగా దిగేదే మంచిది" అని కళ్ళజోళ్ళాయన జవాబిచ్చాడు. చక్రాలు లోపలికి ముడుచుకోవేమని రెండో వంక. "ముడుచుకునేవాటిని దించడం ఎవడో ఒకడు మర్చిపోతాడు. ఎప్పుడూ కిందే ఉండేవాటిని ఎవడు మర్చిపోతాడు?" యజమానికి ఆ మాట నచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ నోరు జారింది.

"అమ్మా, ఇది చీర కాదు," అన్నాడు యజమాని. "ఇంజన్ని వాడకుండా ఉంచితే లోపలి నూనె కిందికి కారిపోతుంది. ఆరిన ఇనుముకి తుప్పు పడుతుంది. పైకి అద్దంలా మెరుస్తున్నా, విప్పితే గానీ సంగతి తెలీదు. విప్పించే ఖర్చు నా నెత్తిన పడుతుంది. సగం ధరకైతే చెప్పండి."

"తిరిగితే కదా అరిగేది?"

"తిరగకపోతేనే చస్తుందమ్మా. రోజూ నడిచే ముసలాయనా, మంచం దిగని కుర్రాడూ ఉంటే మీరెవర్ని నమ్ముతారు?"

ఆవిడ మొహం పాలిపోయింది. వాళ్ళ కూతురు పశువుల డాక్టరు. సొంత క్లినిక్‌కి గది మాట్లాడుకుని, ఈ డబ్బు కోసమే కాచుకుని కూర్చుంది. సగం డబ్బుతో గదికి తలుపులు తప్ప ఏమీ రావు.

"ఏమండీ, మీరైనా ఏదో ఒకటి చెప్పండి!"

ఆరేళ్ళ కిందట ఆయన గాలివానలో చిక్కుకుని, చావు తప్పి ఇంటికొచ్చిన రోజున, ఇక జన్మలో ఎగరనని భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఇప్పుడు నోరు విప్పితే భార్య దగ్గర దొంగ, విప్పకపోతే కూతురి నోటి దగ్గర కూడు తీసేసినవాడు. పాపం, మంచి మనిషే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. యజమాని చొక్కా గుండీతో మాట్లాడుతున్నట్టు, "ఇంజన్‌కి తుప్పు లేదు బాబూ," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ఎగురుతున్నాను కనక. ప్రతి ఆదివారం. తుడవడానికని చెప్పి వచ్చేవాణ్ణి."

భార్య వైపు చూసే ధైర్యం చాలక, మళ్ళీ చక్రం వైపు తిరిగాడు.

"మరి గంటలు లెక్కేసే మీటరు కదల్లేదే?" అన్నాడు యజమాని.

"వైరు పీకేశాను. ఈవిడ చూస్తుందని."

యజమాని నవ్వాడు. "సార్, సగం ధర అనగానే ప్రతివాళ్ళూ ఇదే పాట ఎత్తుకుంటారు. పోనీ, మీరు ఎగరడం ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడకూడదనే కదా నా పాట్లన్నీ! ఇంటి మీదుగా రాకుండా ఏటి వైపు తిప్పుకుని మరీ దిగేవాణ్ణి."

నిజం చెప్పి రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. ఒట్టు తప్పినవాడన్న పేరూ వచ్చింది, అబద్ధాలకోరన్న పేరూ వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"క్షమించవే," అన్నాడు భార్యతో. "అమ్మాయి క్లినిక్ పోతుందని చెప్పాను గానీ, లేకపోతే నీకు ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదు."

యజమాని కారు తాళాలు తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఆగండి బాబూ. నేను చూశాను," అంది ఆవిడ.

మగాళ్ళిద్దరూ గిరుక్కున తిరిగారు.

"తుడవడానికి వెళ్ళిన మనిషి, చెవులు దిబ్బళ్ళు వేసి వచ్చి, వీధంతా వినబడేలా మాట్లాడతాడా? మొదటి నెలలోనే తెలిసిపోయింది. అడిగితే మానేస్తారు. మానేస్తే ఈయన ఏమైపోతారోనని ఊరుకున్నాను."

"మరి ఇందాక ఎగరలేదని చెప్పారు?" అన్నాడు యజమాని.

"అలా అంటే ఎక్కువ ధర పలుకుతుందనుకున్నా. ఈయన గుట్టూ దాగుతుందనుకున్నా. సాక్ష్యం కావాలంటే మా అమ్మాయిని అడగండి, ఆదివారం మా ఇంట్లో వంట ఎప్పుడూ ఆలస్యమే. ఏటి వైపు నుంచి దిగినా మా మేడ మీంచి కనిపిస్తుంది, ఈయన చక్రాలు నేలకి తగిలేదాకా నేను మేడ దిగితే కదా!"