పుర్రెబొమ్మ డబ్బా

పుర్రెబొమ్మ అంటించిన డబ్బాలోంచి అత్త నీళ్లు వంచుతోంది. గ్లాసులోకి కాదు, నాగులమ్మ కూజాలోకి. వంచి, అందులోంచి ఒక గ్లాసెడు పోసి పిల్ల నోటికి అందించింది. ఐదేళ్ల నాగులమ్మ గటగటా తాగేసింది.

కొట్టుగది తలుపు సందులోంచి కౌసల్య ఇదంతా కళ్లారా చూసింది. కొడవలి మరిచిపోయి కందిచేను నుంచి వెనక్కి రాకపోతే ఈ భాగోతం ఎప్పటికీ తెలిసేదే కాదు.

ఆ డబ్బాలు తెచ్చేది ఆమె మొగుడు బీరన్నే. ఎక్కడో సముద్రం ఒడ్డున అణు కరెంటు కేంద్రంలో పని. కేంద్రం వాడి వదిలేసిన నీళ్లు కాలువగుండా సముద్రంలో కలుస్తాయట. ఆ కలిసేచోట పూటపూటకూ సీసా ముంచి, తేదీ, గంట రాసి ల్యాబులో ఇవ్వాలి. అందులో విషముందో లేదో వాళ్లు తేలుస్తారు. నెలకోసారి రైలు దిగి, నల్లగొండలో బస్సు మారి ఊరికొస్తాడు. వచ్చేటప్పుడు రెండు పెద్ద డబ్బాలు మోసుకొస్తాడు. రెండింటి మీదా పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు.

"మా ఆఫీసు నీళ్లు. నువ్వు ముట్టకు, ఎవ్వరికి చెప్పకు," అన్నాడు మొదటిసారి.

ఆఫీసు నీళ్లు ఇంట్లో ఎందుకయ్యా అంటే మాట దాటేశాడు. డబ్బాలు కొట్టుగదిలోకి పోయాయి. తాళంచెవి అత్త గుర్వమ్మ కొంగున చేరింది. పోనీలే, సర్కారు కొలువు, ఏ గుట్టో ఏమో అని కౌసల్య ఊరుకుంది.

ఇప్పుడు మాత్రం పక్కింటి జాహేదా చెప్పిన మాట చెవిలో గింగురుమంది.

"రష్యాల గసొంటి కార్ఖానే పేలిందంట కౌసల్యా. రేడియోల చెప్పిండ్రు. నీళ్లు, పాలు అన్ని ఖరాబైనయంట. మీ ఆయనను జర పైలమని చెప్పు."

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. పిల్ల పుట్టిన ఏడాది బీరన్న తమ బావి నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోయాడు. "మా సారు చూస్తనన్నడు," అన్నాడు. ఆ సారు ఏం చూశాడో నేటికీ చెప్పలేదు. పిల్ల పాలు మానిన నెల నుంచే డబ్బాలు మొదలు. మన నీళ్లు పట్టుకపోయి వాళ్ల నీళ్లు మనకు తెచ్చుడేంది?

పిల్లకు వేరే కూజా. దాన్ని అత్త తప్ప ఎవరూ నింపకూడదు. ఇంకా విచిత్రం, బీరన్న వచ్చిన ప్రతిసారీ చెప్పులైనా విడవకముందే కూతుర్ని ఎండలో నిలబెడతాడు. నోరు తెరిపించి, సంతలో కోడెను బేరమాడేవాడిలా పళ్లు చూస్తాడు. గొంతుక్కూర్చోబెట్టి లేపుతాడు. మోకాళ్లు తడుముతాడు. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

బిడ్డ మీద ముద్దనుకుంది ఇన్నాళ్లూ, పిచ్చిమొద్దు! ఆ నీళ్లు మనిషిని ఏం చేస్తాయో ఎవరో ఒకరి మీద చూడాలిగా. ఆ ఒకరు తన కడుపున పుట్టింది.

తలుపు తోసుకుని లోపలికి దూకింది. ఒక్క దెబ్బకు గ్లాసు ఎగిరి గోడకు తగిలింది.

"ఏం తాపుతున్నవ్ అత్తా, నా బిడ్డకు?"

గుర్వమ్మ వంగిన నడుము పట్టుకుని లేవబోయింది. లేవలేక గోడకు చేరగిలబడింది.

"వాడొచ్చినంక వాన్నే అడుగు బిడ్డా. నా నోటితోని నేను చెప్పలేను."

"అంత మంచియైతే నువ్వు తాగు. ఏదీ, ఒక్క గుక్క!"

"నేను తాగొద్దు," అంది గుర్వమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

తాగొద్దట! ఇంకేం సాక్ష్యం కావాలి? కౌసల్య డబ్బాలు రెండూ ఈడ్చుకొచ్చి వాకిట్లో బోర్లించింది. నెర్రెలిచ్చిన నేల చుక్క మిగలకుండా పీల్చేసింది. కూజా కూడా పగలగొట్టింది. "అయ్యో, అయ్యో!" అని అత్త నెత్తి బాదుకుంటున్నా ఆగలేదు. పిల్లను చంకనేసుకుని బావికి పోయి, బొక్కెన తోడి, చెంబుల కొద్దీ తాగించింది. లోపలి విషం కడుక్కుపోవాలంటే నీళ్లను మించిన మందేముంది? ఆ పూటే కాదు, మొగుడొచ్చేదాకా పన్నెండు రోజులు అదే పని. పిల్లను పక్కనుంచి కదలనివ్వలేదు, అత్త దగ్గరికి పోనివ్వలేదు.

పన్నెండో రోజు బీరన్న బస్సు దిగి వచ్చాడు. భుజాన ఒకటి, చేతిలో ఒకటి, మళ్లీ అవే డబ్బాలు. కౌసల్య గడపలోనే అడ్డం నిలబడింది.

"నీ పరీక్షలకు నా బిడ్డే దొరికిందా? మొత్తం పారబోసిన! మన బాయి నీళ్లతోని దాని కడుపంత కడిగిన!"

"ఎన్ని రోజులాయె?" అన్నాడు బీరన్న.

"పన్నెండు!"

కొడతాడనుకుంది. కొట్టనీ, తనూ తేల్చుకుందామనే ఉంది. బీరన్న కొట్టలేదు, తిట్టలేదు. డబ్బాలు దింపి, మెట్టు మీద కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాయిన ఏడుపు చూసి నాగులమ్మ తన చేతిలోని చెంబు అతనికి అందించబోయింది.

"తొవ్వల ఎవ్వరు తాగొద్దని గా పుర్రెబొమ్మ నేనే అంటించిన కౌసల్యా," అన్నాడు బీరన్న, బిడ్డ చేతిలోంచి బావినీళ్ల చెంబు గుంజుకుంటూ, "అమ్మ నడుము వంచిన ఫ్లోరైడు విషం మన బాయిల ఉంది, నేను మోసుకరాగలిగే మంచినీళ్లు ఇంట్ల ఒక్కదానికే సరిపోతయి."