ఎదురుగాలి

"అన్నయ్యా, ఈ చలిలో పరుగు మొదలుపెట్టేటప్పుడు గాలి వీపున ఉండాలి. హాయిగా పోతావు," అన్నాడు నిన్న పక్కింట్లో ఉండే మా తోడల్లుడు. ఒక్క పుస్తకం చదివి ఎరగడు గానీ సలహాలకు కొదవ లేదు. పెళ్లిళ్లయిన నాటి నుంచి వాడేం చెప్పినా నేను దాన్ని తిరగేసే చేశాను. ఈ ఉదయం ఎందుకో మనసు మెత్తబడి, మొదటిసారి విన్నాను.

పోవడం హాయిగానే ఉంది. చెమటకు చొక్కా తడిసింది. వంతెన దగ్గర వెనక్కి తిరిగేసరికి గాలి ముఖాన కొట్టింది. తడి చొక్కా మంచుగడ్డలా ఒంటికి అతుక్కుంది. వేళ్లకు స్పర్శ పోయింది, కాళ్లు కదలనన్నాయి. దారిలో ఒక్క మనిషి లేడు. చంపడానికే చెప్పాడు వెధవ, అనుకున్నాను.

పొగమంచులోంచి ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. వాడే. చచ్చానో లేదో చూసుకోవడానికి వస్తున్నాడని వణికిపోతూ వెనక్కి అడుగేశాను.

వాడు తన కోటు విప్పి నాకు చుట్టాడు.

"కిటికీలోంచి నువ్వు పోయిన దిక్కు చూసి ప్రాణాలు పోయాయన్నయ్యా. మొదట ఎదురుగాలికే పోవాలి. నువ్వెలాగూ తిరగేస్తావని తిరగేసి చెప్పాను. ఇవాళే నా మాట వినాలనిపించిందా నీకు?"