మధ్య గుండీ

"మీడియన్ అంటే ఏంటమ్మా?"

మిషను తొక్కుతూ, తల ఎత్తకుండా అడిగాడు టైలరు. బట్టలు కత్తిరించే బల్లకి అవతల కూతురు ఫ్యాను ఆపించుకుని, తండ్రి పాత చొక్కా ఒకటి పైన వేసుకుని, బుధవారం పరీక్షకి చదువుకుంటోంది. డిగ్రీ మొదటి సంవత్సరం. స్టాటిస్టిక్సు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచీ ఆ పిల్ల చదువంతా ఈ షాపులోనే, ఈ మిషను చప్పుడులోనే సాగింది.

"నీకెందుకు నాన్నా ఇప్పుడది?" అంది నవ్వుతూ.

"నాతో పాటు కుట్టుపని నేర్చుకున్నతను ఒకడున్నాడు. ఒంట్లో బాగోలేదు. డాక్టరు ఏదో మీడియన్ అన్నాడట. వాడికి అర్థంకాక నన్నడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు?"

మాట తడబడకుండా చెప్పగలిగినందుకు ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దుట్నుంచీ ఈ అబద్ధాన్ని లోలోపల కుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ కుట్టుకుంటూనే ఉన్నాడు.

పోయిన వారం ఆసుపత్రిలో కూతుర్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తనొక్కడే డాక్టరు గదిలోకి వెళ్లాడు. డాక్టరు లేచొచ్చి తలుపు మూశాడు. అప్పుడే టైలరుకి సగం తెలిసిపోయింది.

"ఈ జబ్బుకి మీడియన్ రెండేళ్లు," అన్నాడాయన. "ఇంట్లో చెప్పేయండి. దాచి లాభం లేదు. సోమవారం మందు మొదలుపెడదాం."

బయటికొచ్చి, "ఏం లేదమ్మా, రక్తం తక్కువగా ఉందట. బలానికి ఏవో ఎక్కిస్తారట," అన్నాడు. కూతురు సరేనంది.

ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సహించడం లేదు. ప్యాంటు జారిపోతుంటే నడుము దగ్గర తనే లోపలికి పట్టి కుట్టుకున్నాడు. తెల్లారితే సోమవారం. చెబుదామని నోరు తెరవడం, తీరా తెరిచాక సూది కనపడటం లేదనో, దారం అయిపోయిందనో అనడం. వారమంతా అదే సరిపోయింది.

కూతురు పుస్తకం మూసి గుండీల డబ్బా బల్ల మీద వంచింది.

"ఇటు రా నాన్నా."

ఆయన మిషను ఆపి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కో గుండీ ఒక్కో రోగి అనుకో. జబ్బు తెలిశాక తొందరగా పోయినవాళ్లు ఎడమ పక్క. ఎక్కువ కాలం ఉన్నవాళ్లు కుడి పక్క. ఇలా వరసగా పేర్చాక సరిగ్గా మధ్యలో ఉన్నాడే, వీడే మీడియన్." ఎర్ర గుండీని వేలితో తట్టింది.

"వాడికి రెండేళ్లన్నారట."

"రెండేళ్లే అని కాదు. సగం మంది రెండేళ్లలోపు. మిగతా సగం రెండేళ్లు దాటి. ఎంత దాటి అన్నది ఈ ఎర్ర గుండీ చెప్పదు. ఇదిగో, ఇక్కడ చూడు." రెండు గుండీల్ని కత్తెర దాటించి, బల్ల అంచు దాకా తీసుకెళ్లి పెట్టింది. "ఇలాంటి జబ్బుల్లో ఈ వరస కుడి వైపు తోకలా పొడుగ్గా సాగుతుంది. వీళ్లిద్దరూ ఏళ్లకేళ్లు ఉన్నవాళ్లు. అందుకే డాక్టర్లు సగటు చెప్పరు. వీళ్లిద్దరే సగటుని పైకి లాగేస్తారు."

"సగటు కొలతకి కుట్టిన చొక్కా ఎవడికీ పట్టదులే," అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వు ముందుగా ఆగిపోయింది.

"మరి ఇందులో మనవాడు ఏ గుండీ?"

"అది లెక్కకి తెలీదు నాన్నా. గుంపు సంగతి చెబుతుంది. ఒక్క మనిషి సంగతి చెప్పలేదు."

"ఇంతింత పుస్తకాలు రాసి, ఆ ఒక్కటీ చెప్పలేరా?"

గొంతులోని విసురు ఆయనకే వినిపించింది. కూతురు నొచ్చుకోలేదు.

"చెప్పలేరు."

అన్నిటికన్నా ఎడమగా ఉన్న చిన్న తెల్ల గుండీ మీద వేలు పెట్టాడు టైలరు. మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఎర్ర గుండీ దాటింది, కత్తెర దాటింది, బల్ల అంచుకి చేరింది.

"ఇలా జరిపితే?"

"మన వేలితో జరగదు కదా." ఆమె గొంతు మెత్తబడింది. "మందు పడితే కొందరు జరుగుతారు. చిన్న వయసైతే ఇంకాస్త ఆశ ఉంటుంది. ఆయన వయసెంత?"

"చిన్న వయసే," అనేసి, "అంటే, నా ఈడువాడే," అని సర్దుకున్నాడు.

కూతురు ఆయన వైపు చూసింది.

"వాడింకా ఇంట్లో చెప్పలేదమ్మా." గుండీ ఆయన గుప్పిట్లోకి వచ్చేసింది. "నోరు పెగలడం లేదట. బట్ట మీద కత్తెర పెట్టలేకపోతున్నాడట. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోత తప్పితే ఏం చేస్తాం? ఇదీ అలాంటిదే. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేడు."

"చెప్పకపోతే మందెలా మొదలుపెడతారు?"

"అదే కదా."

ఆయన మిషను వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కూతురు బల్ల చుట్టూ తిరిగి వచ్చి, స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టింది. బిగిసిన గుప్పిటని ఒక్కో వేలూ విప్పి, గుండీ తీసి పక్కన పెట్టింది.

"ఆయనతో నా మాటగా చెప్పు నాన్నా. ఇంట్లో ఉన్నది చిన్నపిల్ల కాదని. ఒక్కడే మోయక్కర్లేదని."

"ఎలా చెప్పాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? నువ్వే చెప్పు, అలాగే చెబుతా."

ఆమె చున్నీతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తున్న చెయ్యి జ్వరంతో కాలుతోంది.

"ఏం చెప్పక్కర్లేదు," అంది. "జబ్బు నాకేనని నాకు తెలుసు నాన్నా."