యాపిల్ అడిగితే

"యాపిల్ తెమ్మంటే మళ్ళీ అరటిపండే తెచ్చింది నీ కూతురు!"

వాచిన దవడకు చెయ్యి ఆనించుకుని, మా ఆయన అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఇంట్లోనే పండ్లతో పాఠాలు చెబుతున్నానని ఊరంతా టాంటాం వేశావు. ఇదేనా నీ పాఠం?"

"రంగుల వారీగా బుట్టల్లో సర్దుతుంది వదినా. గింజలు లెక్కపెడుతుంది. కళ్ళకు గంతలు కట్టినా వాసన చూసి పేరు చెప్పేస్తుంది."

"ఓహో! గంతలు విప్పితేనే ఏమీ తెలియదన్నమాట."

వదిన చిన్నపిల్లల బడిలో టీచరు. మా నాలుగేళ్ళ పిల్లను చేర్చుకునేదీ లేనిదీ రేపు ఆ బడిలోనే తేలుస్తారు. నేను పండ్ల బుట్టను పిల్ల ముందుకు జరిపాను.

"ఆఖరిసారి అడుగుతున్నా. ఎర్రగా, గుండ్రంగా ఉందే, ఆ యాపిల్ ఇలా తే."

పిల్ల యాపిల్ చేతిలోకి తీసుకుంది. వేలితో నొక్కి చూసి, తిరిగి బుట్టలో పెట్టేసింది. మళ్ళీ అరటిపండే తీసి, ఈసారి తొక్క కూడా ఒలిచి అత్త చేతికి ఇచ్చింది.

"మొద్దు," అంది వదిన. "శుద్ధ మొద్దు. దీన్ని చేర్చుకుంటే మా బడి పరువు పోతుంది."

"యాపిల్ గట్టిగా ఉందత్తా," అంది పిల్ల. "నీకు పన్ను నొప్పి కదా."

వదిన దవడ మీంచి చెయ్యి తీసింది. అరటిపండు కొరికి, నొప్పి లేని వైపు నెమ్మదిగా నమిలింది.

"సరేలే," అంది చివరికి, నా వైపు చూడకుండా. "రేపు బళ్ళో మాత్రం యాపిల్ అడిగితే యాపిలే ఇమ్మని చెప్పు. అక్కడ ఎవరి నొప్పీ ఎవరికీ అక్కర్లేదు."